మైకు మూతి ఎటువైపు? తొంభైల పాటలు, జ్ఞాపకాల కులం

ఈ మధ్య ఏ కాలేజీ వార్షికోత్సవానికి వెళ్లినా, ఏ టీవీ చానల్ తిప్పినా ‘తొంభైల పాటలు’ అని ఒక కార్యక్రమం కనబడుతోంది. అప్పుడు పిల్లలుగా ఉన్నవాళ్లు ఇప్పుడు ఉద్యోగాల్లో కుదురుకున్నారు, వాళ్ల చిన్నతనం సరుకైంది. ఆ కార్యక్రమాల్లో వినబడే పాటల వరస మనందరికీ తెలిసిందే. 1992లో ‘రోజా’తో వచ్చిన రెహమాన్, ‘క్షణ క్షణం’ (1991), ‘అల్లరి ప్రియుడు’ (1993) నాటి కీరవాణి, 1997 నాటి ‘అన్నమయ్య’. మధ్యలో యాంకరు డాబా మీద వెన్నెలని, పక్కింటమ్మాయిని, వాన పడుతుంటే రేడియోలో వచ్చిన పాటని గుర్తు చేసుకోమంటుంది. మా పల్లెలో డాబా ఉన్న ఇల్లు ఆ దశాబ్దంలో ఒక్కటీ లేదు. వాన పడితే రేడియో వినడం కాదు, రేడియో తడవకుండా ఎక్కడ పెట్టాలో వెతుక్కోవడం మా పని.

ఇది ఎకసెక్కం కోసం చెప్పడం లేదు. ఆ పాటలు మాకూ ఇష్టమే. ‘ప్రేమికుడు’ (1994) పాటలకి ప్రభుదేవా లాగా ఎముకలు లేనట్టు ఎగరాలని మా పల్లె పిల్లలందరం మోకాళ్లు పగలగొట్టుకున్నాం. సినిమా పాట అగ్రవర్ణాలది, ఉద్యమ పాట మనది అని గీత గీసి ఈ వ్యాసం రాస్తే అది అబద్ధమవుతుంది. మేము అడుగుతున్నది వేరే ప్రశ్న. ఆ దశాబ్దంలో ఒకే మైకులో, ఒకే రోజున, ఒకే జనం విన్న పాటల్లో కొన్ని ‘తీపి జ్ఞాపకం’ అయ్యాయి, కొన్ని ‘ఉద్యమ పాట’ అయ్యి జ్ఞాపకం బయట ఉండిపోయాయి. ఈ పంపకం ఎవరు చేశారు?

మేము చదువుకున్న విశ్వవిద్యాలయంలో, కొన్నేళ్ల కిందట, ఇట్లాంటి పాటల రాత్రి ఒకటి జరిగింది. కావలసిన పాట చీటీ మీద రాసి ఇమ్మన్నారు. మేము ఒక చీటీ రాసి ఇచ్చాం. ఆర్. నారాయణమూర్తి ‘ఎర్ర సైన్యం’ (1994) సినిమాలో ఉన్న గూడ అంజయ్య పాట, ఊరు ఎవరిదో తేల్చి చెప్పే పాట. చీటీ వెనక్కి వచ్చింది. ఇచ్చినతను మర్యాదగానే అన్నాడు: “అన్నా, ఇది మూవ్‌మెంట్ సాంగ్ కదా. ఇయ్యాల నాస్టాల్జియా.” పక్కనున్న మా మిత్రుడు “మా గతం గతం కాదా ఏంది?” అన్నాడు. నవ్వారు, మేమూ నవ్వాం. గదికొచ్చాక మాత్రం ఆ మాట వదల్లేదు. అది సినిమా పాటే కదా? కేసెట్టుగా అమ్ముడైన పాటే కదా? థియేటర్లో జనం ఈలలేసిన పాటే కదా? మరి సినిమా పాటల రాత్రిలో దానికి చోటెందుకు లేదు?

దీనికి జవాబు మాకు విశ్వవిద్యాలయంలో దొరకలేదు. మా పల్లెలోనే దొరికింది. అందుకని ముందు మా పల్లె మైకు సంగతి చెప్పాలి.

మాది ప్రకాశం జిల్లా. మా తాతల కాలానికే ఒంగోలు బాప్టిస్టు మిషను గుడి ఉన్న మాదిగపల్లె. తొంభైల చివర్లో మాకు ఏడెనిమిదేళ్లు. పెళ్లికీ, క్రిస్మస్‌కీ పక్క ఊరి నుంచి మైకు సెట్టు బాడుగకి తెచ్చేవాళ్లు. ఒక ఆంప్లిఫయరు, ఒక టేపురికార్డరు, రెండు మైకులు. ఒకటి గుడి ముందర వేపచెట్టుకి కట్టేవాళ్లు, రెండోది పల్లె మొదట్లో కరెంటు స్తంభానికి. తెల్లవారుజామున దేవుడి పాటలు. పొద్దెక్కాక సినిమా పాటలు. భోజనాలయ్యి పెద్దలు చుట్టలు వెలిగించాక, చీకటి పడుతుండగా, ఇంకో కేసెట్టు పెట్టేవాళ్లు. అందులో డప్పులుండేవి.

పొద్దుటి పాటల గురించి ఒక మాట. ‘శంకరాభరణం’ (1980) తెలుగువాళ్లకి శాస్త్రీయ సంగీతం మీద మళ్లీ ప్రేమ పుట్టించిందని, ‘అన్నమయ్య’ దాన్ని తొంభైల్లో మళ్లీ ఇంటింటికీ తెచ్చిందని ఈ జ్ఞాపకాల కార్యక్రమాల్లో తరచూ చెబుతారు. ఏ ఇంటింటికి? మా ఇంట్లో రాగం పేరు మొదట చూసింది సినిమా వల్ల కాదు. ‘ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు’ పుస్తకంలో కీర్తన పైన రాగం, తాళం అచ్చు వేసి ఉంటాయి. పురుషోత్తమ చౌదరి వంటి వాళ్లు పందొమ్మిదో శతాబ్దంలో కట్టిన కీర్తనలవి. అక్షరం రాని మా నాయనమ్మకి ఆ కీర్తనలు డెబ్భయ్యో ఎనభయ్యో నోటికొచ్చు. రాగం పేరు చదవలేదు గానీ, పక్కామె దారి తప్పితే “అట్టా కాదే, కిందికి దించు” అని సరిచేసేది. సంగీత చరిత్ర రాసేవాళ్లు ఈ గొంతుల్ని ఎక్కడ పెడతారు? శాస్త్రీయంలో పెట్టరు, జానపదంలో పెట్టరు. ‘క్రైస్తవ భక్తి’ అని వేరే పెట్టెలో వేసి మూత పెడతారు. ఇక తొంభైల్లో వచ్చిన సువార్త కేసెట్లలో సగం సినిమా బాణీలే. నిన్న సినిమాలో విన్న బాణీ ఇవాళ గుడిలో వినబడేది. అయ్యగారు మొహం చిట్లించేవారు, ఆడవాళ్లు హాయిగా పాడేవాళ్లు.

ఇప్పుడు అసలు సంగతి. పొద్దుటి కీర్తనలకి ఊరి నుంచి ఎవరూ వచ్చేవాళ్లు కాదు. పగటి సినిమా పాటలకి రాకపోగా, ఊళ్లో కుర్రాళ్లు కాలవ గట్టు మీద నిలబడి వినేవాళ్లు కూడా. సాయంత్రం డప్పుల కేసెట్టు పెట్టిన అరగంటకి మాత్రం సైకిల్ మీద ఒక మనిషి వచ్చేవాడు. దిగేవాడు కాదు, ఒక కాలు నేల మీద పెట్టి చెప్పేవాడు: “పెళ్లి చేసుకోండి, ఎవరొద్దన్నారు? ఆ పాటలాపి మంచి సినిమా పాటలేవన్నా పెట్టుకోండి. లేదంటే ఆ మైకు మూతి చేల వైపు తిప్పుకోండి.” మా పెద్దలు ఒక ఏడాది తిప్పారు. మరుసటేడు తిప్పలేదు, దాని మీద తగువైంది, ఆ తర్వాత కొన్నాళ్లు కొందరికి కూలి పిలుపులు ఆగిపోయాయి. అప్పుడు మాకు అర్థం కాలేదు గానీ ఇప్పుడు అనిపిస్తుంది: మా పల్లెలో పాటలకి మొదట ప్రక్రియా విభజన చేసింది ఏ సాహిత్య విమర్శకుడూ కాదు, సైకిల్ మీద వచ్చిన ఆ మనిషి. ఏది పాట, ఏది పాట కాదు అన్నది ఆయన చెవికి తెలుసు. ఇరవై ఏళ్ల తర్వాత మా చీటీ వెనక్కిచ్చిన కుర్రాడికి ఈ కథ తెలియదు, ఆయన మంచివాడే. కానీ ఆయన వేరుచేసిన పాటలూ, సైకిల్ మనిషి ఆపమన్న పాటలూ ఒకటే. ఊళ్లో అది హుకుం. విశ్వవిద్యాలయానికి వచ్చేసరికి అభిరుచి.

సాయంత్రపు కేసెట్టులో ఏముండేది? అది తెలియాలంటే ఆ దశాబ్దం ఎట్లా మొదలైందో గుర్తు చేసుకోవాలి. 1985 జులై 17న కారంచేడు జరిగింది, మా జిల్లాలోనే. గద్దర్ దాని మీద కట్టిన పాట చీరాల శిబిరం దాటి రాష్ట్రమంతా తిరిగింది. ఆ ఏడే ఆయన అజ్ఞాతంలోకి పోయాడు. 1990 ఫిబ్రవరిలో బయటికొచ్చి హైదరాబాదు నిజాం కాలేజీ మైదానంలో పాడితే మైదానం పట్టలేదు. 1991 ఆగస్టు 6న చుండూరు. 1994 జులై 7న ఈదుముడిలో, అదీ మా జిల్లాలోనే, మాదిగ దండోరా పుట్టింది. ఆ పేరులోనే ఒక సంగీత విమర్శ ఉంది. ఊళ్లో చాటింపు వేయడం, చావుకి కొట్టడం, జాతరకి కొట్టడం మాదిగోడి వెట్టి. వద్దంటే కుదరదు, కొడితే గింజలు. ఆ దెబ్బకి ఉన్న పేరునే ఉద్యమానికి పెట్టుకుని, ఊరి కోసం కాక తమ కోసం కొట్టారు. వాయిద్యం అదే, చర్మం అదే, మంట దగ్గర కాచడం అదే. ఎవరు కొట్టమన్నారన్నది మారింది. వర్గీకరణ కోసం ఆ డప్పు ముప్పయ్యేళ్లు మోగింది. 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఉపవర్గీకరణకి రాష్ట్రాలకు అధికారముందని చెప్పిన రోజున మా పల్లెలో మళ్లీ కొట్టారు. ఈసారి సైకిల్ మనిషి రాలేదు, ఆయన లేడు.

అంటే తొంభైలు మా వరకు డప్పు వెట్టి నుంచి బయటపడ్డ దశాబ్దం. అదే దశాబ్దంలో సినిమా కూడా డప్పుని కనిపెట్టింది. ఇక్కడ 1997 గురించి కొంచెం ఆగి మాట్లాడాలి.

ఆ ఏడాది మొదటి ఆరు నెలల్లో మూడు సంగతులు జరిగాయి. దాసరి నారాయణరావు ‘ఒసేయ్ రాములమ్మ’ విడుదలై, విజయశాంతి నటనకీ, వందేమాతరం శ్రీనివాస్ సంగీతానికీ జనం వెర్రెత్తిపోయారు. ఏప్రిల్ 6న గద్దర్ మీద తుపాకీ కాల్పులు జరిగాయి. ఆయన బతికాడు, ఒక తూటా ఒంట్లోనే ఉండిపోయింది. మేలో ‘అన్నమయ్య’ వచ్చింది, కీరవాణికి జాతీయ అవార్డు తెచ్చింది. ఇప్పటి తొంభైల పాటల రాత్రుల్లో ఈ మూడింటిలో మూడోదే వినబడుతుంది. మొదటిది అప్పట్లో ఏ తూకం వేసినా చిన్న సినిమా కాదు. మా పల్లె ఆడవాళ్లు ట్రాక్టరు కట్టించుకుని పట్నం పోయి చూసిన ఒకే ఒక్క సినిమా అది. కూలి డబ్బుల్లోంచి టిక్కెట్టు కొన్నారు. ఆ పాటల కేసెట్టు మైకులో అరిగిపోయి, రీలు బయటికొస్తే పెన్సిల్ పెట్టి చుట్టి మళ్లీ వేశారు. జనాదరణే కొలత అయితే అది తొంభైల పాటల్లో ముందు వరసలో ఉండాలి. లేదు. అందువల్ల కొలత జనాదరణ కాదు.

ఆ సినిమా పేరే చూడండి. ‘ఒసేయ్’ అన్నది దొర పిలుపు. మా అమ్మల్ని, అక్కల్ని చేల గట్ల మీద పిలిచిన పిలుపు. ‘అమ్మ’ అన్నది ఆమె లేచి నిలబడ్డాక జనం పిలుచుకున్న పిలుపు. అవమానం, గౌరవం పక్కపక్కన పెట్టిన ఆ పేరుని మైకులో వింటున్నప్పుడు మా అమ్మ చేస్తున్న పని ఆపేది. ఎందుకాపేవని ఈ మధ్య అడిగాం. “నన్నట్టా పిలిచినోళ్లూ ఇంటన్నారుగా, అందుకని” అన్నది. ఒక సినిమా పాట మీద ఇంతకన్నా మంచి వ్యాఖ్య మాకు ఏ పత్రికలోనూ కనబడలేదు. పాట తాను వినడం కాదు, ఊరు వింటున్నదన్న సంగతిని ఆమె వింటోంది. మైకు మూతి ఎటువైపుందన్నది అందుకే అంత పెద్ద తగువయ్యింది.

అయినా ఎర్ర సినిమాల పాటల్ని నెత్తిన పెట్టుకోవాలని మేము చెప్పడం లేదు. ‘పేదోడు’, ‘కూలోడు’ అన్న మాటలు ఆ పాటల్లో వచ్చినంత ధారాళంగా ‘మాదిగోడు’, ‘మాలోడు’ అన్న మాటలు రావు. డప్పు ఉంటుంది, డప్పు కొట్టేవాడి కులం ఉండదు. తొంభైల్లో వామపక్షంతో దళితులు పడిన తగువంతా ఇదే కదా. విచిత్రమేమంటే, సభల్లో ఆ తగువు జరుగుతుండగా మా పల్లెలో జనం దాన్ని వేరే రకంగా పరిష్కరించుకున్నారు. ఎర్ర సినిమా బాణీ తీసుకుని అందులో తమ మాట పెట్టుకున్నారు. జననాట్యమండలి బాణీలో దండోరా మాటలు, సినిమా బాణీలో యేసు ప్రభువు మాటలు. ఎవరి బాణీ ఎవరిదని అడిగే అలవాటు అక్కడ లేదు. ఆ అలవాటు లేకపోవడం వల్ల లాభమూ ఉంది, నష్టమూ ఉంది. నష్టం సంగతి చివర్లో చెబుతాం.

గూడ అంజయ్య పాట చూడండి. ఆదిలాబాదు జిల్లా మనిషి డెబ్భయ్యవ దశకంలో రాసినది. ఇరవై ఏళ్లు సభల్లో, ఊరేగింపుల్లో, హాస్టలు గదుల్లో తిరిగి 1994లో సినిమాలోకి వచ్చింది. సినిమా దానికి కొత్త జనాన్నిచ్చింది, నిజమే. కానీ సినిమా లేకున్నా ఆ పాట బతికే ఉంది. తొంభైల ప్రేమపాటల్లో అట్లా ఇరవై ఏళ్లు నోటి మీద బతికి ఆ తర్వాత కేసెట్టుకెక్కిన పాట ఒక్కటి చూపించగలరా?

గోరటి వెంకన్న పల్లె కన్నీటి పాట సంగతి ఇంకా చిక్కు. ప్రపంచీకరణ కాలాన, తొంభైల్లో పుట్టి, 2002లో ‘కుబుసం’ సినిమాలో చేరి, ఊరూరా మోగిన పాట అది. కుమ్మరి, కమ్మరి, సాలె వృత్తులు కూలిపోవడాన్ని అంత గుండె పిండేలా మరే పాటా చెప్పలేదు. జ్ఞాపకాల రాత్రుల్లో అప్పుడప్పుడు చోటు దొరికే పల్లె పాట ఇదొక్కటే. ఎందుకు? పోయిన పల్లె కోసం ఏడుపు అందులో ఉంది కాబట్టి, ఆ ఏడుపులో అమెరికా వెళ్లిన రెడ్డిగారి అబ్బాయి కూడా చేరగలడు కాబట్టి. 1948 నవంబరులో రాజ్యాంగ సభలో అంబేడ్కర్ పల్లెని సంకుచితత్వానికీ అజ్ఞానానికీ నెలవన్నాడు. ఆ మాట చదువుకున్న మాకు, పోయిన పల్లె కోసం ఏడవాలో వద్దో తేల్చుకోవడం కష్టం. వెంకన్న దళిత కవి, ఆయన చెబుతున్నది చేతిపనుల చావు గురించి, ఊరి పెత్తనం వైభవం గురించి కాదు. ఈ తేడా పాటలో ఉంది. వినేవాళ్ల చెవిలో లేదు. మేము ఆ పాట విన్నప్పుడల్లా మాకూ కళ్లు చెమరుస్తాయి. ఆ వెంటనే కోపమొస్తుంది, ఎవరి మీదో తెలియదు.

ఇక మన లెక్క కూడా చూసుకోవాలి. తొంభైల దళిత సాహిత్యానికి మైలురాళ్లుగా మనం చెప్పుకునే సంకలనాల పేర్లు ‘చిక్కనవుతున్న పాట’ (1995), ‘పదునెక్కిన పాట’ (1996). రెండింటి పేర్లలోనూ పాట ఉంది. లోపల ప్రధానంగా ఉన్నది వచన కవిత. ఆ పుస్తకాల విలువని తగ్గించడం మా ఉద్దేశం కాదు. అవి లేకపోతే మేము ఈ నాలుగు వాక్యాలు రాసేవాళ్లమే కాదు. కానీ పాట అన్న మాటని మన విమర్శ ఒక ఉపమానంగా వాడుకుని, పాటని మాత్రం సభ మొదట్లో జనం కుదురుకునేదాకా పాడించే దానిగా వదిలేసింది. సెమినార్లలో ఇప్పటికీ అంతే. పాడిన మనిషి దిగిపోయాక ‘ఇక అసలు కార్యక్రమం’ అంటారు. సైకిల్ మనిషి చేసిన విభజనలో మనకీ కొంత వాటా ఉంది. అచ్చుకెక్కింది సాహిత్యం, మైకుకెక్కింది ప్రచారం అని మనమూ నమ్మాం. గద్దర్ 2023 ఆగస్టు 6న చనిపోయాక ఆయన పేరుతో తెలంగాణ ప్రభుత్వం 2025లో సినిమా అవార్డులిచ్చింది. ఆయన పాటల మీద సినిమా వాళ్లకి ఉన్న హక్కు ఎంతో మనం తేల్చలేదు కాబట్టి, ఆ పేరు అటు వెళ్లినా ఆశ్చర్యపోవడానికి లేదు.

ఆడవాళ్ల పాట గురించి ఇక్కడ రెండు మాటలే రాయగలం, అది మా లోపమే. టేపురికార్డరు మగవాళ్ల చేతిలో ఉండేది. నాట్లప్పుడు మా అమ్మా వాళ్లూ పాడిన పాట ఏ కేసెట్టులోనూ లేదు. రాములమ్మ పాట వాళ్లది కాబట్టి కాదు, వాళ్ల పాట ఎవరూ పట్టలేదు కాబట్టి, వాళ్లు రాములమ్మని పట్టుకున్నారు.

మా దగ్గర ఆ కాలపు కేసెట్టు ఒకటి మిగిలింది. మా నాయన ఒంగోలులో రికార్డింగ్ షాపులో ఖాళీ కేసెట్టు కొని, కాగితం మీద పాటల వరస రాసిచ్చి, ఎక్కించుకొచ్చినది. ఏ సైడు అంతా సినిమా పాటలు, రెండు ‘ప్రేమికుడు’వి కూడా ఉన్నాయి. బి సైడు ఖాళీగా తెచ్చాడు. దాని మీద తర్వాత ఏదో దండోరా సభలో తనే పట్టుకున్నాడు. గాలి హోరు, దగ్గులు, “కూర్చోండ్రా ముందు” అన్న కేక, డప్పులు కాస్తున్నప్పుడు చితుకుల చప్పుడు, ఆ తర్వాత పాట. ప్రక్రియల గురించి మేము చదివిన సిద్ధాంతాలన్నిటికన్నా ఆ రెండు వైపుల కేసెట్టే మాకు ఎక్కువ నేర్పింది. మా నాయనకి ఏ సైడు సరదా, బి సైడు ఉద్యమం కాదు. రెండు వైపులా ఆయన డబ్బు పెట్టి కొన్నదే. రాత్రి పూట ఏ సైడు అయిపోతే లేచి తిప్పేవాడు.

బి సైడు పాటలు తొమ్మిది. ఎవరు కట్టారో చెప్పలేదు, ఎక్కడా రాసిలేదు. ఇందాక నష్టం అన్నది ఇదే. ఒక చోట మాత్రం పాడబోయే ముందు ఒకాయన పాట కట్టినవాళ్ల పేరు చెబుతాడు, సరిగ్గా అప్పుడే ఎవరో డప్పు సరిచూసుకుంటూ రెండు దెబ్బలేశారు. ఇంటిపేరు వినబడదు, ‘పోలేరు’ అని మాత్రం తెలుస్తుంది. పోలేరయ్య కావచ్చు, పోలేరమ్మ కావచ్చు. నిరుడు ఆ కేసెట్టుని సెల్‌ఫోనులోకి ఎక్కించుకుని చుట్టుపక్కల నాలుగు పల్లెల్లో వినిపించాం. రెండు పాటలు గుర్తుపట్టి పూర్తిగా పాడిన ముసలాయన ఒకరు దొరికారు. కట్టినవాళ్లెవరని అడిగితే, “అది మన పాటేగా, కట్టేదేంది?” అన్నాడు. మిగతా ఏడు పాటలకీ ఇంకా తిరుగుతున్నాం.